ఆఖరి రోజు దాకా ఆపమన్న దరఖాస్తు

నాన్నా, నేను కులాసాగానే ఉన్నాను, నీ మీద కోపమే తగ్గలేదు.

చెల్లి కాలేజీ దరఖాస్తు నాకు పంపి, ఆఖరి రోజు నువ్వొచ్చి సంతకం పెట్టేదాకా ఇవ్వొద్దన్నావు. లారీలో చివర ఎక్కించిన మూటే ముందు దిగుతుందట! నీ హమాలీ లెక్క ఇక్కడ చెల్లదు. ముందిచ్చినవాళ్లకే హాస్టల్ గది. నిన్న కనుక్కుందామని వెళితే, "రెండే మిగిలాయమ్మా, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?" అని గుమాస్తా కసిరాడు. తల కొట్టేసినట్టయింది. ఇవాళ తలుపు తీయగానే ఇచ్చేశాను.

అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? చెల్లి పెట్టె తాళం బాగుచేయించు.

సంతకానికి నువ్వు రానక్కర్లేదు, నేనే పెట్టేశాను. పదేళ్లు నా మార్కుల కార్డుల మీద నీ సంతకం పెట్టిన చెయ్యే, ఎక్కడా తడబడలేదు. తిట్టేదేదో చెల్లిని చేర్చడానికి వచ్చినప్పుడు తిట్టు.

అమ్మకి నమస్కారాలు. నీకు, కోపం తగ్గాక.

నీ పెద్దకూతురు