సెర్చ్‌కు అందని మాట

మారండహళ్ళి

ప్రియమైన జయా,

ఈ సంగతి మెయిల్‌లో రాయడం ఇష్టంలేక కాగితం తీసుకున్నాను. ఆ మెయిలూ మీ కంపెనీదే కదా. కిందటి వారం నువ్వు ఇంటికి వచ్చినప్పుడే చెప్పాలనుకున్నాను. పక్కన మీ మేనేజరు ఉండటంతో నోరు రాలేదు.

మా వీధి మాదేశ్వరక్క తెలుసుగా, సిమెంటు పనికి పోతుంది. వాళ్ల అమ్మాయి పూంగొడికి హోసూరులో ఫ్యాక్టరీ పని దొరికింది. ఉండటానికి హాస్టల్ కావాలి. మీ కంపెనీ కొత్తగా పెట్టిన సలహాల యాప్‌ను అడిగింది. 'మారండహళ్ళి ఆడవాళ్లు ఎక్కువగా చెప్పుకునే హాస్టల్' అంటూ అది ఒక పేరు చూపించింది. కింద, ఆడవాళ్లు తమ అనుభవాలు చెప్పుకునే మన 'అడిగిపో' సైటు పేరు కూడా వేసింది.

ఆ హాస్టల్ గురించి మనవాళ్లు చాలా చెప్పిన మాట నిజమే. ఏమని చెప్పారు? గేటుకు తాళం వేస్తారు, ఫోన్లు లాక్కుంటారు, పిల్లల్ని పంపకండి అని! మీ యాప్‌కు పేరు వినిపించింది కానీ మాట వినిపించలేదు.

అక్కడ చేరిన పిల్ల దగ్గర్నుంచి ఫోన్ రాక, మాదేశ్వరక్క మా వాకిట్లోకి వచ్చి నిలదీసింది. "ఏమ్మా, మనూరి ఆడోళ్లు చెప్పినారని కదా పిల్లను పంపిస్తి? నువ్వు నడిపే సైటే కదా అది?"

ఇద్దరం హోసూరు బస్సెక్కాం. నెల నిండకుండా పంపేది లేదని వార్డెన్ లోపలి నుంచే చెప్పింది. మాదేశ్వరక్క గేటు ముందు చతికిలబడింది. "నా బిడ్డ బయటికి వచ్చేదాకా నన్ను దాటి ఎవురూ లోపలికి పోయేది లేదు," అంది. షిఫ్టు దిగి వచ్చిన పిల్లలందరూ రోడ్డు మీదే ఆగిపోయారు. జనం పోగయ్యాక తాళం తీశారు. పూంగొడి సంచి పట్టుకొని వచ్చింది. తిరుగు బస్సు రాయకోట దాటాక, "అక్కా, మీ పేరు చూసే పోయినాను," అంది. జయా, ఆ మాట ఇంకా ముల్లులా గుచ్చుకునే ఉంది.

మనిద్దరం కాలేజీ ముగించి మొదలుపెట్టిన సైటు అది. ఆడవాళ్లు తమకు తెలిసింది తమ గొంతుతో చెప్పాలని పెట్టాం. ఆ గొంతులను తీసుకుపోయి తలకిందులు చేశారు. ఇప్పుడేమో సైటు తమకు అమ్మేయమని మీ మేనేజరు నవ్వుతూ అడుగుతాడు. ఇవ్వను. అంతేకాదు, మీ సెర్చ్ గానీ, మీ యాప్ గానీ మన పేజీలు చదవకుండా నిన్న అడ్డుకట్ట వేశాను. మా ఆయన ధనశేఖర్ తల పట్టుకున్నాడు. "సెర్చ్‌లో లేకుంటే ఎవురు చూస్తారు? అంగడి మూసినట్టే!" అన్నాడు. మూతపడితే పడనీ. అబద్ధానికి మాత్రం నా పేరు అరువివ్వను.

నీ
నివేదిత

బెంగళూరు

నివీ,

పూంగొడి సంగతి చదివి అన్నం సయించలేదు. టీములో చెప్పాను. 'నమోదు చేసుకున్నాం' అన్నారు.

అయినా నువ్వు కోపంలో తొందరపడ్డావు. ఒక సైటు పోతే మావాళ్లకు ఈగ వాలినంత కూడా కాదు. నీకు మాత్రం ఉన్నదంతా అదే. అమ్మొద్దులే, కనీసం ఆ అడ్డు తీసేయ్. నువ్వు కట్టుకున్నది నీ చేతుల్తోనే కూల్చుకుంటుంటే చూడలేను.

జయప్రియ

మారండహళ్ళి

జయా,

నువ్వు భయపడినట్టే అయింది. చూసేవాళ్లు సగానికి పైగా తగ్గారు. రెండు వారాలు నేనూ భయపడ్డాను. నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివి, అడ్డు తీసేద్దామని ఒకసారి కంప్యూటర్ ముందు కూర్చున్నాను కూడా. మా ఇంటికి వచ్చిన పూంగొడి అది చూసి, "తీస్తే నేను మళ్లీ మీతో మాట్లాడను అక్కా," అంది.

తరువాత తనే సైటు అడ్రసు అచ్చువేయించి టైలరు అంగళ్లలో, హోసూరు బస్సుల్లో అంటించింది. మండీలో కూరగాయలు అమ్మే జయలక్ష్మమ్మ, కొనవచ్చిన ప్రతి ఆడమనిషికీ నోటితోనే చెప్తోంది.

మొన్న ఆ హాస్టల్ యజమానురాలు కారేసుకొని మా ఇంటికే వచ్చింది.

"నా హాస్టల్ మీద పెట్టినవన్నీ తీసెయ్," అంది.

"యాప్‌లో మీదే కదండీ అన్నిటికన్నా పైన ఉండేది?" అన్నాను.

"పైన ఉండి ఏం చేసేది? మీ పక్కనుంచి వచ్చే పిల్ల ఒక్కతీ నా గేటు తొక్కలేదు. అడిగితే అందరూ నీ సైటు పేరే చెప్తారు!"

జయా, నాకు నవ్వు ఆగలేదు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి చెప్పాను. "అవి నా మాటలు కావు, మీ దగ్గర ఉండి వచ్చిన పిల్లల మాటలు. తాళం తీయండి, ఫోన్లు ఇచ్చేయండి. అప్పుడు వాళ్లే మార్చి చెప్తారు." కాఫీ ముట్టకుండా లేచిపోయింది.

నువ్వు ఆ ఉద్యోగం మానుకోవాలని నేను అడగను. అది నీ ఇష్టం. అడ్డు మాత్రం తీయను. మీ మేనేజరుకు నా మాటగా చెప్పు.

ఆ హాస్టల్‌లోనే ఉంటున్న పాలక్కోడు పిల్ల ఒకతి ఆదివారం ఊరికి వచ్చింది. పగలు గేటుకు తాళం వేయడం మానేశారట. ఫోన్లు ఇంకా ఇవ్వలేదు. సైటులోని ఆ మాటలు నేనూ ఇంకా తీయలేదు.

నీ
నివేదిత