పది నిమిషాల ఖాళీ

నాన్నకి,

ఇక్కడ నేనూ, మీ అల్లుడూ, పిల్లదీ బాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి తగ్గి నువ్వూ బాగానే తిరుగుతున్నావనుకుంటున్నాను. ఫోన్లో నీకు నా మాట సగమే వినపడుతుంది, ఆ సగం కూడా నీకు నచ్చినట్టు వింటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు నాలుగు సంగతులు అడిగావు. మూడింటికి వరసగా చెబుతాను, నాలుగోది చివర్లో. పిల్లదానికి జ్వరం తగ్గింది. కారే పంపుని మీ అల్లుడే బాగుచేశాడు, ఇప్పుడు ఇంకాస్త ఎక్కువ కారుతోంది. ఇక నేలల మీద మా కాలేజీ పెట్టిన సదస్సు. చాలా బాగా జరిగింది. బాగా జరగడమే నాకొచ్చిన చిక్కు.

దాని ఏర్పాట్లన్నీ నెట్‌లో వికీ అనే పేజీల్లో రాసుకున్నామని చెప్పాను కదా. మీ బస్సు డిపోలో నోటీసు బోర్డుకి గాజు తలుపు, తాళం ఉండేవి. ఇది తలుపు లేని బోర్డు. కమిటీలో ఉన్న నలుగురం ఎవరం కావాలంటే వాళ్ళం గదులు, టైములు, మాట్లాడేవాళ్ళ పేర్లు దిద్దుకోవచ్చు. ఏ మాట ఏ టైముకి మారిందో 'చరిత్ర' అనే పేజీలో పడుతుంది, పాత రాత ఎక్కడికీ పోదు. కానీ నలుగురికీ కలిపి 'నిర్వాహకులు' అని ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. విడివిడిగా పేర్లు పెట్టుకుందామని మఫ్లర్ మొదట్లోనే అన్నాడు. ఎండాకాలంలో కూడా మెడకి మఫ్లర్ చుట్టుకొచ్చే కొత్త లెక్చరర్ గురించి రాశాను కదా, అతనే. ఇంత చిన్నదానికి ఎందుకులే అని కొట్టిపారేసింది నేను.

సదస్సుకి రెండు వారాల ముందు ఓ రోజు చూస్తే పట్టిక మారిపోయి ఉంది. ఒక ఉపన్యాసానికీ ఇంకో ఉపన్యాసానికీ మధ్య ఎవరో పదేసి నిమిషాలు ఖాళీ పెట్టారు. అలా జరుగుతూ జరుగుతూ, భోజనానికి ముందుండాల్సిన నా ఉపన్యాసం భోజనం తర్వాతకి పోయింది. ఆరేళ్ళు కష్టపడ్డాను నాన్నా. తిని కునుకు తీసే వేళ ఎవరు వింటారు? చరిత్ర తెరిస్తే పొద్దున్న ఐదుంపావు అని ఉంది. నేను పాతదే మళ్ళీ పెట్టాను. మర్నాడు ఐదుంపావుకి మళ్ళీ ఖాళీలు వచ్చాయి. నేను తీయడం, అవి రావడం, మూడుసార్లు అయింది.

మా నలుగురిలో ఆ వేళకి లేచేది మఫ్లరే, పరుగుకి వెళ్తానని తనే చెప్పుకుంటాడు. అతని ఉపన్యాసమేమో మొట్టమొదటిది, అంగుళం కదల్లేదు. ఇంకేం కావాలి? నేను స్టాఫ్‌రూములోకి వెళ్ళగానే లాప్‌టాప్ మూసేసేవాడు. టీ తాగుతారా మేడమ్ అంటే, ఇవాళెందుకు అడుగుతున్నాడా అనుకునేదాన్ని. మీ అల్లుడు "నీకు మన గోడగడియారం మీద కూడా అనుమానమే" అన్నాడు. చూస్తే అది నిజంగానే ఐదు నిమిషాలు వెనక నడుస్తోంది.

ఇక ఆగలేక కమిటీ మీటింగులో, హెడ్ గారూ లైబ్రేరియనూ ఉండగానే అడిగేశాను.

"వెనక నుంచి పుల్లలు పెట్టడమెందుకు? మొహం మీదే చెప్పొచ్చుగా."

అతను మఫ్లర్ సర్దుకున్నాడు. "నేను కాదండీ. కానీ ఆ ఖాళీలు మంచివేనండీ, ఉంచితే బాగుంటుంది."

ఒప్పుకున్నట్టే కదా అన్నాను. పాస్‌వర్డ్ బయటివాళ్ళకెవరికైనా ఇచ్చారా అని హెడ్ గారు ఒక్కొక్కరినీ అడిగారు. అందరం లేదన్నాం. చివరికి ఖాళీలు ఉంచేసి, అతన్ని కమిటీ నుంచి తీసేశారు. అతనిది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఈసారి పొడిగించాలా వద్దా అన్నది వచ్చే సోమవారం తేలుస్తారు.

సదస్సులో మొదటిసారి ఎవరూ ఎవరి టైమూ తినలేదు. జనం ఓ గదిలోంచి ఇంకో గదిలోకి తీరిగ్గా నడిచి వచ్చారు. నా ఉపన్యాసానికి వెనక వరస దాకా నిండిపోయింది. సదస్సయిన నాలుగో రోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి నీ ఉత్తరం ఉంది.

అందులో నాలుగో ప్రశ్న. "పది నిమిషాలు సరిపోయాయా, పదిహేను పెట్టాల్సిందా?"

సరిపోయాయి నాన్నా. కానీ ఖాళీల సంగతి నేను నీకెప్పుడూ రాయలేదు.

నా వ్యాసం పేజీ అందరికంటే ముందు నువ్వు చూడాలని ఆ పాస్‌వర్డ్ నీకు రాసి పంపింది నేనే. హెడ్ గారు అడిగినప్పుడు నువ్వు గుర్తుకే రాలేదు. నువ్వు బయటివాడివని నాకెలా తోస్తుంది? ముప్పై ఏళ్ళు బస్సుల టైములు రాసినవాడివి, వచ్చిన నిమిషానికే బస్సు బయల్దేరాలని రాసి ఉంటే చూసి ఊరుకోలేవు. పొద్దున్న పెట్టింది మర్నాటికి పోతోంటే మెషీన్ సరిగ్గా పట్టుకోలేదనుకుని మళ్ళీ మళ్ళీ పెట్టి ఉంటావు. రిటైరైనా నువ్వు ఇంకా మొదటి షిఫ్టుకే లేస్తున్నావు.

నీ మీద కోపం లేదు. అసలు చెప్పాల్సింది నా గురించి. ఆ ఉత్తరం వచ్చి ఎనిమిది రోజులైంది. చదివిన క్షణమే అంతా తెలిసింది, అయినా నోరు విప్పలేదు. విప్పితే నా తల ఎక్కడ పెట్టుకోను అనుకున్నాను. ఈ ఎనిమిది రోజులూ వరండాలో మఫ్లర్ ఎదురైతే పక్కకి జరిగి నాకు దారిచ్చేవాడు. నాకు చాలా సిగ్గుగా ఉంది నాన్నా.

ఇవాళ పొద్దున్న హెడ్ గారికి చెప్పేశాను. ఆవిడ "అన్నది అందరి ముందు కదమ్మా" అన్నారు. నేరుగా వెళ్ళి వికీలో సదస్సు మొదటి పేజీ మీదే, నా సొంత పేరుతో రాశాను. ఆ మార్పులు చేసింది మా నాన్న, పాస్‌వర్డ్ ఇచ్చింది నేను, ఏ పాపం తెలియని మనిషిని అందరి ముందు దొంగని చేశాను, తెలిశాక కూడా ఎనిమిది రోజులు దాచాను అని. మఫ్లర్ చూశాడో లేదో. గంటకోసారి తెరిచి చూస్తున్నాను, ఇంకా ఎవరూ ఏమీ రాయలేదు.

ఈ ఉత్తరం నీకు శనివారం అందుతుంది. పాస్‌వర్డ్ మార్చే పని నాకే అప్పగించారు. నేను ఇంకా మార్చలేదు, నువ్వు ఆ పేజీ తెరిచి చదివేదాకా మార్చను. అయ్యో, పిల్ల తనని తాను ఇంత మాట అనుకుందేమిటని నీ చెయ్యి ఊరుకోదు, నాకు తెలుసు. ఒక్క మాట కూడా దిద్దకు నాన్నా.

ఇట్లు,
గోడగడియారాన్ని కూడా నమ్మని
నీ కూతురు