ఒకే పేరు మూడుసార్లు

జనవరి 23, శుక్రవారం

పిన్నీ,

పొద్దున్నే కాలేజీ నోటీసు బోర్డు చూసి అవాక్కయ్యాను. ఇవాళ కాలేజీ సినిమా క్లబ్బులో నేను మాట్లాడబోయే ఆఫ్రికా సినిమాకి కథ, నటన, దర్శకత్వం ఒకావిడే. బోర్డుకి అంటించిన పోస్టర్ మీద ఆమె పేరు నేను మూడుసార్లు రాస్తే, మా క్లాసు సురేష్ రెండు కొట్టేశాడు.

"పొరపాటున రాశావనుకున్నా. హీరోయినే డైరెక్టరా? టీ కూడా తనే కాచుకుందా ఏంటి?"

"కాచే ఉంటుంది. మొదట్లో ఏడ్చే భార్య వేషాలే ఇచ్చారట. విసిగిపోయి తనే కథలు రాసుకుంది, తనే సినిమాలు తీసింది."

పేర్లు మళ్ళీ రాసి, హాల్లో అరగంట మాట్లాడాను. ఒక్కరూ లేచి వెళ్ళలేదు.

మాట్లాడుతుంటే నువ్వే గుర్తొచ్చావు. ముసునూరు చర్చిలో ఏటా క్రిస్మస్ నాటకం రాసేదీ, నేర్పేదీ, వేషం వేసేదీ నువ్వే. పాస్టరుగారు మాత్రం, "మరియమ్మగా చేసిన సిస్టర్‌కి వందనాలండీ" అని ఊరుకునేవారు. నువ్వు పోయాక వచ్చిన మొన్నటి క్రిస్మస్‌కీ నీ నాటకమే వేశారు. నీ పేరు ఎవరూ చెప్పలేదు. ముందు వరసలో కూర్చున్న నేను కూడా చెప్పలేదు.

నీ నాటకాల నోటుపుస్తకం ఇంకా చర్చి బీరువాలోనే ఉంది. రేపు పొద్దున్నే మొదటి బస్సుకి ముసునూరు వెళ్ళి, పాస్టరుగారి ముందే దాని మొదటి పేజీలో నీ పేరు రాస్తాను.