ఆద్య బూట్లు

మంగళవారం రాత్రి

మా మాంటిస్సోరి బడిలో ఆయాలు పిల్లలకు బూట్లు తొడగకూడదు, వాళ్లే తొడుక్కోవాలి. పోయిన వారం నేను మరిచిపోయి ఒకడికి తొడిగితే, ఇంకోసారి చేస్తే పనిలోకి రావద్దంది టీచరమ్మ. ఇవాళ నాలుగేళ్ల ఆద్య గుమ్మంలో కూర్చుని బూట్లతో కుస్తీ పడుతుంటే వాళ్లమ్మ వచ్చింది.

“చూస్తూ నిలబడ్డావేంటి? తొడిగెయ్. నాకు షూటింగ్‌కి లేటవుతోంది.”

ఒళ్లు మండింది. తొడిగితే టీచరమ్మ పనిలోంచి తీసేస్తుంది, తొడగకపోతే ఈమె తీయిస్తుంది.

“పాప తొడుక్కుంటది మేడం. జర ఆగండి.”

“నీ పేరేంటి?”

చెప్పి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఆద్య మమ్మల్ని పట్టించుకోనే లేదు. కుడిది ఎడమకి, ఎడమది కుడికి వేసుకుని లేచి, ఏదో గెలిచినట్టు మెట్లు దిగింది. కారు దగ్గర డ్రైవర్ వంగి బూట్లు మార్చబోతే వాళ్లమ్మే ఆపింది.

“ఉండనివ్వు. దానంతట అదే వేసుకుంది.”

నా పేరెందుకు అడిగిందోనని ఇంకా గుబులుగానే ఉంది. అయినా ఫిల్మ్‌నగర్ నుంచి కృష్ణానగర్‌లోని మా గది దాకా నడిచొస్తుంటే దారంతా నవ్వొస్తూనే ఉంది.