కోటిపల్లి దగ్గర నేను కట్టిన వంతెన

మంగళవారం, రాత్రి

కాదు బావా, నిన్న నువ్వన్నది తప్పు. "పాత రైళ్ళ గేమ్‌కే కొత్త రంగులేశార్రా. పదో తరగతి మానేసినోడివి, నీకేం తెలుసు" అన్నావు. మొదటి గేమ్‌లో గోదావరి మీద వేలితో గీస్తే వంతెన అయిపోయేది. ఈ రెండోదాంట్లో ఒక్కో స్తంభం దించాలి, అది వరదకి ఆగాలి. నాది మూడుసార్లు కొట్టుకుపోయింది. ఇవాళ కోటిపల్లిలో బయల్దేరిన నా రైలు నది దాటి ముక్తేశ్వరం చేరింది! మంచం మీద నుంచి గెంతాను.

పాత గేమ్‌లో జనం ఉత్త బొమ్మలు. ఇందులో వాళ్ళు ఏది సుఖమైతే అదే ఎక్కుతున్నారు. రైలొచ్చాక రేవులో జనాన్ని దాటించే పంటు ఖాళీ అయిపోయింది. నాన్న నడిపేదీ అలాంటి పంటే, ఒడ్డున టికెట్లు కోసేది నేను.

సాయంత్రం అడిగాను. "నిజంగా వంతెనొస్తే ఎలా నాన్నా?"

"వచ్చినప్పుడు చూద్దాంలే, ముందు తాడు పట్టరా."

రేపు గేమ్‌లో స్టేషన్ రేవు పక్కనే కట్టి చూస్తే, రైలు దిగినోళ్ళు పంటు కూడా ఎక్కుతారేమో...

ఆఖరి పంటు ఒడ్డుకొచ్చింది, నాన్న కేకేస్తున్నాడు. వెళ్ళాలి.