కక్కో కూసేదాకా

మే 16
డాక్టర్ వెంటనే ఆపరేషన్‌కి చేరమన్నాడు. గుండె రక్తనాళాలు పూడుకుపోయాయట, ఆలస్యం చేస్తే నా పూచీ లేదన్నాడు. మా ఆయన తోకుజీ మాత్రం కారెక్కి, కక్కో పిట్ట కూయనీ, అజుకి చిక్కుడు గింజలు విత్తేసి వస్తా అన్నాడు. మా తొకాచి పల్లెల్లో ఆ పిట్ట కూయకుండా ఎవరూ గింజ వెయ్యరు, నిజమే. దక్షిణం నుంచి అది వచ్చిందంటే ఇక మంచు పడదని నమ్మకం. ఆయన గుండెకి ఆ సంగతి తెలుసా?

మే 19
కూయలేదు.

మే 21
పొద్దున షెడ్డు దగ్గర ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. కేకేస్తూ పరిగెత్తాను. అరవకే, పిట్ట బెదిరిపోతుంది అన్నాడు. నవ్వు రాలేదు. చలి వదలట్లేదు, ఈ ఏడు పిట్ట ఇంకా ఆలస్యమే అంది పక్కింటి ఇసోకో. దాని నోట్లో మన్ను పడ!

మే 22
మందుల కోసం ఒబిహిరో టౌనుకి వెళ్ళాను. హాస్పిటల్ ముందు రోడ్డు దాటుతుంటే సిగ్నల్ పచ్చబడి, చూపులేనివాళ్ళ కోసం కక్కో, కక్కో అంది. ఎప్పుడూ వినేదే. ఇవాళ కాళ్ళు ఆగిపోయాయి. ఫోన్ తీసి రికార్డ్ చేసుకున్నాను. పంట పోతే పోనీ, మనిషి ఉంటే చాలు.

మే 23
లార్చ్ చెట్ల వెనక దాక్కుని ఫోన్ నొక్కాను. పొలంలో ఆయన టోపీ తీసి నిలబడ్డాడు. చాలాసేపు విన్నాడు. నేను దగ్గరికెళ్ళగానే, గింజల సంచులు దింపు అన్నాడు.

ఇసోకో వచ్చి, మాకేం వినపడలేదే, మంచు పడితే ఏడాది పంట పోతుంది చూసుకోండి అంది. మా ఇంట్లో కూసింది, మీ ఇంట్లో కూయకపోతే నేనేం చెయ్యను అన్నాడు ఆయన.

మే 27
విత్తడం అయిపోయింది. ట్రాక్టర్ నేనే నడిపాను. బట్టలు సర్దాను.

మే 28
హాస్పిటల్ ముందు సిగ్నల్ కూసింది. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన రోడ్డు మధ్యలో ఆగి, మన పిట్ట ఇక్కడ కాపురం పెట్టిందే అన్నాడు.

ముందే తెలుసా అని అడిగాను. పిట్టయితే మధ్యలో ఊపిరి పీల్చుకుంటుంది కదే, ఇది పీల్చలేదు అన్నాడు. మరెందుకు విత్తారు అని ఏడ్చేశాను. గుండె కోతంటే భయం, చావంటే అంతకన్నా భయం, ఎవరో ఒకరు కూసి నన్ను తోలితే బాగుండునని చూస్తున్నా అన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి చల్లగా ఉంది.

జూన్ 5
ఆయన్ని లోపలికి తీసుకెళ్ళారు.

ఇసోకో ఫోన్ చేసింది. తెల్లవారుజామున మంచు పడి మా మొలకలన్నీ నల్లబడ్డాయట. తర్వాత మా లార్చ్ మీదే కక్కో కూసిందట, ఈసారి నిజం పిట్టే. ఏడవకు, మళ్ళీ విత్తుదాం, నేనొస్తా అంది.

కింద సిగ్నల్ కూస్తోంది. ఆపరేషన్ గది తలుపు ఇంకా తెరుచుకోలేదు. తెరుచుకోగానే ఆయనకి ముందు కక్కో కూసిందనే చెప్తాను.

నమ్మడు.