కుడివైపు వెనక టైరు విషయమై పెద్దకోడలు రాసిన వీలునామా

కట్టుడు పళ్ల తయారీలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన నేను, అరవై ఏడేళ్ల వయసులో, పూర్తి స్పృహతో, నిలకడైన బుద్ధితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. బుద్ధి నిలకడగానే ఉందని డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ జతచేశాను. మా ఆయనకు ఇంకా అనుమానం ఉంటే నన్ను వేరే డాక్టరుకు చూపించవచ్చు. కాకపోతే ఆ పని నేను బతికుండగానే చెయ్యాలి. ఈ నెల ఇరవై మూడున నాకు గుండె ఆపరేషన్.

ఇంతకుముందు రాసిన రెండు వీలునామాలూ ఇందుమూలంగా రద్దు. రెండోది పూర్తిగా కోపంలో రాసింది. దాన్ని చదవకుండా చింపెయ్యండి.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా ఆడపడుచు కూతురైన లాయరుకు అప్పగిస్తున్నాను. మా రిమోట్ కార్ల రేసుల్లో ఒక్కదానికి కూడా ఆమె రాలేదు. ఎవరి పక్షమూ వహించదని నా నమ్మకం.

1. మేమున్న పై వాటా, బ్యాంకులో ఉన్నదంతా నా తదనంతరం మా ఆయనకు చెందాలి. షరతు ఒక్కటే. నా రిమోట్ కార్లను ఆయన ఇకమీదట "బొమ్మలు" అనరాదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ "మా ఆవిడ బొమ్మకార్లతో ఆడుకుంటుంది" అని ఇరవై ఏళ్లుగా పరిచయం చేస్తూ వచ్చాడు. బురదలో దూసుకుపోయి, మట్టిగుట్టల మీంచి ఎగిరి, నాలుగు చక్రాల మీదే దిగే కారు బొమ్మయితే, తోస్తే తప్ప కదలని ఆయన స్కూటర్ని ఏమనాలో లాయరే తేల్చాలి. అయితే ప్రతి ఆదివారం నా బ్యాటరీల పెట్టె ట్రాకు దాకా మోసింది ఆయనే. నడుం పట్టేసిన రోజు కూడా గొణుక్కుంటూనే మోశాడు. ఇది కూడా రికార్డులో ఉండాలి.

2. నా నగలన్నీ మా అమ్మాయికి. వాటితోపాటు, నా మొదటి కారుకు తను రంగు వేసిన పైతొడుగు కూడా. ఆ ఊదారంగు చూసి ట్రాకులో అందరూ వంకాయ పరిగెడుతోందని నవ్వారు. నాకూ ఆ రంగు నచ్చలేదు. అయినా ఎనిమిదేళ్లు మార్చలేదమ్మా. ఎందుకో నీకు తెలుసు.

3. మా రిమోట్ కార్ల క్లబ్బు ప్రెసిడెంటుకు, అరిగి నున్నబడిన నా పాత టైర్లు పద్నాలుగు జతలు. నేను మొదటిసారి పేరు రాయించుకోవడానికి వెళ్లినప్పుడు ఆయన నా వెనక్కి తొంగిచూసి, "కారు నడిపేది ఎవరమ్మా? మీవారు ఇంకా రాలేదా?" అన్నాడు. సదరు టైర్ల మీద మట్టిని పట్టే రబ్బరు ముల్లు ఒక్కటి కూడా మిగల్లేదు. ఆయన బట్టతలకు తోడుగా ఉంటాయి.

4. అలమరాలోని కొత్త టైర్లు, ఫోములు, జిగురు సీసాలు, మిగతా సామాను క్లబ్బులో కొత్తగా చేరేవాళ్లకు. వాళ్లకు నాలుగు మాటలు. చేరగానే మీరంతా మెరిసేవన్నీ కొంటారు. లైట్లు, స్టిక్కర్లు, రంగురంగుల అల్యూమినియం ముక్కలు. వాటితో కారు ఫొటోలో బాగుంటుంది, మలుపులో బోర్లా పడుతుంది. ముందు వంగి ట్రాకు మట్టిని వేళ్లతో నలిపి చూడండి. తడిగా, వదులుగా ఉంటే ఎడమెడంగా పెద్ద దిమ్మెలున్న టైర్లు వెయ్యండి. ఆరి గట్టిపడితే సన్న ముళ్ల పిన్ టైర్లు. లోపల పెట్టే ఫోము మరీ మెత్తనైతే గుట్ట మీంచి దూకగానే టైరు అణిగిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, రిమ్ముకు టైరు అతికించాక లోపలి అంచు, బయటి అంచు రెండూ వేలితో లాగి చూడండి. ఈ ఆఖరి మాట నేను పాటించలేదు. ఆ కథ కింది అంశంలో ఉంది.

5. ఇది ఆస్తి కాదు, వాంగ్మూలం.

మా తోడికోడలు కింది వాటాలో ఉంటుంది, జెరాక్స్ షాపు నడుపుతుంది. ఆమెను ఈ ఆటలోకి దించింది నేనే. రెండేళ్లలో నన్నే తరమడం మొదలుపెట్టింది. పదకొండేళ్ల కిందట, ఇటుకల ఫ్యాక్టరీ వెనక ట్రాకులో ఫైనల్లో మేమిద్దరమే ఎదురుబొదురు. నేను దిమ్మెల టైర్లు బిగిస్తుంటే నా బల్ల దగ్గరికొచ్చి, "అక్కా, మట్టి ఆరిపోయింది. పిన్ టైర్లు వేసుకో, లేకపోతే జారిపోతావ్" అంది. పోటీలో ఉన్న మనిషి చెప్పాల్సిన మాట కాదు, అయినా చెప్పింది. నేను ఆమె మాట విని పిన్ టైర్లే వేశాను.

ఆఖరి రౌండు దాకా నేనే ముందున్నాను. చివరి మలుపులో కుడివైపు వెనక టైరు రిమ్ము నుంచి ఊడి, దొర్లుకుంటూ జనంలోకి పోయింది. కారు పల్టీ కొట్టింది. ఆమె గెలిచింది. నేను అందరి ముందూ, "నన్ను ఓడించడానికే తప్పుడు టైర్లు వేయించింది" అని అరిచాను. ఆమె కప్పు తీసుకోకుండానే ఇంటికెళ్లిపోయింది. మళ్లీ ఆ ట్రాకులో అడుగుపెట్టలేదు.

అప్పట్నుంచి మాకు మాటల్లేవు. "నీళ్ల మోటారు ఆపమను", "తడిబట్టలు మా కిటికీ మీద ఆరెయ్యొద్దను" అంటూ పైకీ కిందికీ కబుర్లు మోసి అన్నదమ్ములిద్దరి మోకాళ్లూ అరిగిపోయాయి.

నిజం ఏమిటంటే, రేసు అయిన రెండో రోజు ఆ రిమ్ము కడుగుతూ చూశాను. లోపలి అంచున జిగురు చుక్క లేదు. ఆమె చెప్పిన టైర్లు సరైనవే. ఆ అంచు అతికించడమే నేను మర్చిపోయాను. ఊళ్లో సగంమంది పళ్లసెట్లు ఈ చేత్తోనే చేశాను. ఒకే ఒక్క ఉపన్యాసకుడిది వేదిక మీద జారింది, అదీ ఆయన నోటి వేగం వల్ల. అలాంటి నా చెయ్యి తప్పిందని ఒప్పుకోలేక, తప్పు చెయ్యని మనిషిని పదకొండేళ్లు దోషిని చేశాను. ఇది పూర్తి స్పృహతో రాస్తున్నాను.

6. నా రేసు కారును తోడికోడలికి రాస్తున్నానని ఈ అంశంలో మొదట ఉండేది. చిత్తుప్రతి చదివి లాయరు, "అత్తయ్యా, నువ్వు పోయాక ఇది చదివితే చిన్నత్తయ్య ఎవర్ని తిట్టుకోవాలి?" అంది. ఆ అంశాన్ని అక్కడికక్కడే కొట్టేశాను.

అందుకని నిన్న, ఆదివారం, కారు, రిమోట్ పట్టుకుని మెట్లు దిగాను. ఆమె కూరలు తరుగుతోంది. గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పేశాను. కత్తిపీట మీంచి తలెత్తకుండా, "నాకు తెలుసక్కా. ఆ రోజు ఊడిపోయిన టైరు తీసి చూసింది నేనే. ఒక అంచుకే జిగురుంది" అంది.

"మరి అప్పుడే నా మొహాన కొట్టకపోయావా?" అన్నాను.

"అందరూ నీ చేతి పని గురించే చెప్పుకుంటారు. అంతమందిలో ఆ టైరు ఎత్తి ఎలా చూపించను?" అంది.

నాకు ఏడుపొచ్చింది. దాని వెంటే ఒళ్లు మండింది కూడా. పదకొండేళ్లు నన్ను కాపాడుతూ కూర్చుందట, చెప్పకుండా! ఆ మాటే అన్నాను. అప్పుడు నవ్వింది. కారు తీసుకుంది. రిమోట్ మాత్రం నా చేతిలోనే పెట్టి, "ఇది నీ దగ్గరే ఉండనీ. ఆపరేషన్ చేయించుకుని వచ్చి ఇద్దువుగాని" అంది.

కనుక సదరు కారు ఇప్పటికే చేతులు మారింది, నా ఆస్తి కాదు. ఈ వీలునామా వల్ల తోడికోడలికి ఏమీ రావడం లేదు, అందువల్ల సాక్షిగా సంతకం పెట్టడానికి అడ్డులేదని లాయరు చెప్పింది. రిమోట్ మాత్రం ఎవరికీ రాయడం లేదు. నేనే తెచ్చి ఇస్తాను.

చదివించుకుని, సరిగానే ఉందని ఒప్పుకుని చేసిన సంతకం.

2024 ఫిబ్రవరి 19, సోమవారం

(సంతకం) పెద్దకోడలు, పై వాటా

సాక్షులు:
1. (సంతకం) పళ్ల డాక్టరు, నా పాత యజమాని
2. (సంతకం) చిన్నకోడలు, కింది వాటా